పొరుగువానితో మన విశ్వాసమును గూర్చి మాటలాడుట

గత వర్షకాలమున మా వసతిగృహములో జరిగిన యొక చిన్న సంగతిని మొదట చెప్పెదము. పేరులు చెప్పము. ఆ బాలురిద్దరిలో ఒకడు ఇంకను మా పాఠశాలలోనే చదువుచున్నాడు; రెండవవాడు చదువుట లేదు.

పినపాక కవతలనున్న యొక అడవి గూడెమునుండి వచ్చి 8వ తరగతిలో చేరిన కోయ బాలునికి చలిజ్వరము వచ్చెను. ప్రక్క మంచముమీది బాలుడు క్రైస్తవ కుటుంబమునకు చెందినవాడు, మిక్కిలి మంచివాడు. ఆ రాత్రియంతయు అతడు నిద్రమాని, నీళ్లు త్రాగించుచు, నుదుట తడిగుడ్డ వేయుచు, రోగిని కనిపెట్టుకొని యుండెను. తెల్లవారుజామున రోగి వణకుచుండగా అతడు వానితో, మీవారు కొలుచునవి దయ్యములనియు, అందుచేతనే ఈ జ్వరము వచ్చినదనియు, మెడలోని తాడు తెంచివేసి యేసుప్రభువును నమ్మినయెడల ప్రొద్దుటికెల్ల నెమ్మదించుననియు చెప్పి, తానే ఆ తాడును కత్తెరతో కోసివేసెను. ఉదయమున ఆసుపత్రిలో రక్తము పరీక్షించి మలేరియా యనిరి. మాత్రలిచ్చిరి. మూడవనాటికి జ్వరము తగ్గెను.

ఆదివారమున ఆ బాలుని తండ్రి వచ్చెను. కేకలు వేయలేదు, ఎవరిని దూషింపలేదు. మా ఉపాధ్యాయుని యెదుట నిలుచుండి, "సారూ, మీ దేవుని సంగతి చెప్పుండ్రి, ఇంటం. మా పోరడు సోయి లేక పండుకున్నప్పుడా చెప్పేది? ఆ తాడు వాళ్ల నాయనమ్మ కట్టింది" అనెను. పిమ్మట కుమారుని పెట్టెను నెత్తిన పెట్టుకొని, వానిని వెంటబెట్టుకొని నడచిపోయెను. వర్షము కురియుచుండెను, ఆగుమన్నను ఆగలేదు.

ఆ తాడు కోసిన బాలుని మేము దండింపలేదు. దండింప దలచినవారు ముందుగా అతడు ఆ మాటలెక్కడ నేర్చెనో విచారింపవలెను. మా సాయంకాల ప్రార్థనలలో నేర్చెను. మా ప్రసంగములలో నేర్చెను. గడచిన సంవత్సరపు ఈ పత్రికలోనే, విద్యార్థులు ఏ యే సంతలలో ఎన్ని కరపత్రములు పంచిరో లెక్క వేసి సంతోషముతో ప్రకటించిన వారము మేమే. ఆ కరపత్రములలో ఎన్ని చదువబడెనో, ఎన్ని వేరుసెనగకాయల పొట్లములయ్యెనో మేము లెక్కింపలేదు.

ఈ సంగతి జరిగినది మొదలు మా ఉపాధ్యాయులలో రెండభిప్రాయములు పుట్టినవి. ఇకమీదట పాఠశాలలోగాని వసతిగృహములోగాని ఎవరును తమ విశ్వాసమును గూర్చి ఇతరులతో పలుకరాదు, మంచి నడవడియే చాలునని కొందరు. సువార్త చెప్పువారికి ఇట్టి అడ్డంకులు కలుగుట సహజమే, ఒక తండ్రి నొచ్చుకొనెనని నోరు మూసికొనుట పిరికితనమని మరికొందరు. మాకు ఈ రెండును సమ్మతములు కావు. ఎందుకు కావో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మౌనమే మేలనువారి మాటను ముందు విచారింతము. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. గులాబి తన పరిమళమును గూర్చి ప్రసంగము చేయదు గదా, క్రైస్తవులును అట్లే యుండవలెనని గాంధీగారు 1930లలో పలుమారులు చెప్పిరి. ఆ ఉపమానము అందమైనదే. అయితే గులాబికి నాలుక లేదు, మనుష్యునికి కలదు. తన జీవితములో మిక్కిలి విలువగలదని యెంచుకొన్న దానిని స్నేహితునికి ఎన్నడును చెప్పనివాడు, ఆ స్నేహితుని ఒక విధముగా బయటనే నిలువబెట్టినవాడగును. మా చదువరులలో క్రైస్తవులైనవారు తమ తాతముత్తాతల సంగతి తమ యింటి ముసలమ్మల నడుగుదురుగాక. అనేకుల విషయమున మొట్టమొదట చెప్పినవాడు దొర కాడు, గురువు కాడు. సంతకు పోయివచ్చిన మేనమామయో, పొరుగూరి వియ్యంకుడో, తోడుగా నాట్లు వేసిన స్త్రీయో చెప్పిన మాట అది.

ఒంగోలు ప్రాంతపు యెర్రగుంట్ల పేరయ్య కథ ఇందుకు సాక్ష్యము. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారము చేయువాడు. వ్యాపారము నిమిత్తము ఉత్తరమున ఏలూరు వైపు పోయినప్పుడు క్రీస్తును గూర్చి విని, ఇంటికి వచ్చి భార్య నాగమ్మకు చెప్పెను. పిమ్మట తోళ్లకై తిరిగిన గ్రామములందెల్ల తనవారికి చెప్పెను. 1866లో ఆయన బాప్తిస్మము పొందిన తరువాత అమెరికను బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఆయన ఊరివైపు వెళ్లి చూడగా, అక్కడ పంట అప్పటికే పండియుండెను. దొరగారు విత్తిన పంట కాదది. పేరయ్యకు పదవి లేదు, జీతము లేదు, ఒకరిపై అధికారమును లేదు. తానెరిగినది తనవారికి, తనవారి మాటలలో, త్రోవలో నడచుచు చెప్పెను. వినినవారికి ఆయనవలన భయమును లేదు, లాభమును లేదు. కావుననే విని, నచ్చినవారు నమ్మిరి, నచ్చనివారు తోళ్ల బేరము మాత్రము చేసికొని పోయిరి. ఇట్టి చెప్పుటను నిషేధింపవలెననువారు మనుష్యులు మనుష్యులతో మాటలాడుటనే నిషేధింపవలసి యుండును.

ఇక మనకు దగ్గరి చరిత్రకు వత్తము. గోదావరి కావలిగట్టున, మన పినపాక సీమ కెదురుగనే, దుమ్ముగూడెము కలదు. భద్రాచలపు తాలూకా 1860లో నైజామునుండి ఇంగ్లీషువారి వశమయ్యెను; మన యీ గట్టు మాత్రము 1948 వరకును నైజాము రాజ్యములోనే యుండెను. సముద్రమునుండి నాగపూరు ప్రాంతము వరకును గోదావరిపై పడవలు నడిపింపవలెనని సర్ ఆర్థర్ కాటన్ గారు తలచిరి. నదిలో రాతిబండలు అడ్డముగానున్న మూడు చోట్లను దాటించుటకు పనులు ఆరంభింపబడెను. వానిలో మొదటిది దుమ్ముగూడెము. 1871లో ఆ యెత్తు విడిచిపెట్టబడెను గాని దుమ్ముగూడెపు ఆనకట్టయు కాలువయు అప్పటి కష్టమునకు గురుతులు.

ఆ పనులపై నుండిన ఇంజనీరు హేగ్ గారు భక్తిపరుడు. ఆయన క్రింద ఉద్యోగిగానుండిన వేంకటరామ రాజుగారు ఆయనతోడి సంభాషణలవలనను వేదపఠనము వలనను క్రైస్తవుడై, పిమ్మట సర్కారు కొలువు విడిచి, ఆ యడవులలోని కోయలకు సువార్త చెప్పుటకై తన్ను సమర్పించుకొని, కాలక్రమమున చర్చి మిషనరీ సొసైటీవారి గురువుగా అభిషేకము పొందెను. కోయల నడుమ క్రైస్తవ సంఘమునకు ఇదియే ఆరంభము. మిషను చరిత్రలు దీనిని గొప్పగా చెప్పుకొనును, చెప్పుకొనవలసినదే.

అయినను మా మనస్సులో ఒక ప్రశ్న యున్నది. పై అధికారి తన క్రింది ఉద్యోగితో మతమును గూర్చి మాటలాడినప్పుడు ఆ క్రిందివాడు నిజముగా స్వతంత్రుడై వినగలడా? రాజుగారి విషయమున దీనికి జవాబు ఆయన జీవితమే యిచ్చినది. అధికారి మెప్పుకొరకు మతము మారినవాడు కొలువులోనే నిలిచి పైకి ఎక్కును. ఈయన కొలువు విడిచి అడవికి పోయెను. ఒక్కరి విషయమున ఫలము మంచిదైనంతమాత్రమున ఆ మార్గము అందరికిని మంచిదని మేము చెప్పజాలము. ఉపాధ్యాయుడు విద్యార్థికి, వార్డెను పిల్లవానికి, వైద్యుడు రోగికి, అన్నము పెట్టువాడు ఆకలిగొన్నవానికి చెప్పునప్పుడు, చెప్పబడు మాటకు పై నుండి మరియొక బరువు చేరును. ఆ బరువు సువార్తది కాదు.

అన్నము సంగతి వచ్చినది గనుక క్లౌ దొరగారి కథలోని రెండవ భాగమును చెప్పక తప్పదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును పాడుచేసిన మహా క్షామములో, ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని తానే గుత్తకు తీసికొని వేలమందికి కూలి యిప్పించెను. మిషను ప్రచారకులే అచ్చట మేస్త్రీలు. విశ్రాంతివేళలలో వారు కూలివాండ్రకు సువార్త చెప్పిరి. గంపతో మన్ను మోయువానికి ఆ గంప లెక్కించువాడే వేదము చెప్పుట మాకు నిర్దోషముగా తోచదు. కాని క్లౌ గారు ఒక గొప్ప పని చేసెను. బాప్తిస్మమిమ్మని గుంపులుగుంపులుగా వచ్చినవారికి, క్షామము తీరువరకు, సహాయపు డబ్బు ముగియువరకు, ఇయ్యను పొమ్మనెను. 15 నెలలకు పైగా ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. ఇక మిషను చేతిలో కూలియు లేదు, గింజయు లేదు అని అందరికి తెలిసిన తరువాతనే ద్వారము తెరచెను. అప్పుడు 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మన ప్రసంగీకులు తరచుగా చెప్పుదురు. దానికి ముందటి 15 నెలల నిరాకరణమును చెప్పువారు తక్కువ. మా యభిప్రాయములో ఆ సంఖ్యకంటె ఈ నిరాకరణమే గొప్పది.

జ్వరముతోనున్న బాలుని విషయమున మనము చేసినది దీనికి సరిగా వ్యతిరేకము.

మన ప్రభువు మాత్రము రోగులను బాగుచేయలేదా, అప్పుడు ఉపదేశింపలేదా అని కొందరు మమ్ము నడిగిరి. బాగుచేసెను. కాని ఆయన స్వస్థతను బేరము పెట్టిన చోటు మాకు కానరాదు. పదిమంది కుష్ఠరోగులను శుద్ధులను చేయగా ఒక్కడే తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పెను. తక్కిన తొమ్మండుగురికి రోగము మరల వచ్చినట్లు లూకా వ్రాయలేదు. అనేకులను బాగుచేసి, ఎవరితోను చెప్పవద్దని పంపివేసెను. గదరేనుల దేశములో దయ్యములు విడిచిన మనుష్యుడు వెంట వత్తునని బ్రతిమాలుకొనగా, ఆయన వానిని తీసికొనిపోక, నీ యింటికి, నీవారియొద్దకు పోయి నీకు జరిగినది చెప్పుమని పంపెను. ఈ చివరి మాట మాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. ఆ మనుష్యుడు చెప్పవలసినది తనకు జరిగిన సంగతి. పొరుగువానిలోని తప్పు కాదు. మా విద్యార్థి తనకు జరిగినది చెప్పలేదు. చెప్పుటకు అతనియొద్ద సంగతి లేకపోలేదు; అతని తండ్రి త్రాగుడు మాని ఇంటికి మరలివచ్చిన కథను అతడే ఒకనాడు మాకు కన్నీళ్లతో చెప్పినాడు. ఆ కథ చెప్పియుండిన కోయ బాలుడు వినియుండును; అట్టి తండ్రులను వాడును ఎరుగును. దానిని విడిచి, ప్రసంగములలో వినిన దయ్యముల మాటను అప్పు తెచ్చుకొని చెప్పెను.

మరియొక సంగతి. చెప్పుటకు ముందు వినవలెను. 1870లలో దుమ్ముగూడెమునకు వచ్చిన జాన్ కెయిన్ గారు కోయల వివాహములను, వేల్పులను, పండుగలను, వారు చెప్పుకొను కథలను విచారించి ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో వ్యాసములు వ్రాసిరి. 1909లో అచ్చయిన థర్‌స్టన్ గారి గ్రంథము కోయలను గూర్చి చెప్పునప్పుడు ఆ వ్యాసములనే విస్తారముగా ఆధారము చేసికొన్నది. ఆ వ్రాతలలో ఆ కాలపు తెల్లవారి చూపు లేదని మేము చెప్పము. ఐనను ఒక గూడెములో కూర్చుండి వారి మాటలను వారి భాషలో విని వ్రాసికొనుటకు ఎంత ఓర్పు కావలెనో ఆలోచింపుడు. లూకా సువార్త 19వ శతాబ్దములోనే కోయభాషలోనికి వచ్చినది. 2011 జనాభా లెక్కలలో 4 లక్షలకు పైగా జనులు కోయను తమ మాతృభాషగా చెప్పుకొనిరి. మా వసతిగృహములో కోయపిల్లలతో మూడేండ్లు కలిసి అన్నము తినిన తెలుగు పిల్లలలో, నీళ్లను కోయలో ఏమందురో చెప్పగలవారు ఎందరు? మేము అడిగి చూచితిమి. ఆ లెక్క ఇచ్చట అచ్చువేయుటకు సిగ్గగుచున్నది. విత్తనముల పండుగ యెందుకు చేయుదురో, మేడారపు జాతరకు వారి యిండ్లవారు ఎట్లు పోవుదురో, ఇప్పపూవు ఏరునప్పుడు చెట్టుక్రింద ఏమి చేయుదురో ఎన్నడును అడుగనివాడు, ఆ తాడు దయ్యముల తాడని యెట్లు తీర్మానించెను? అది ముసలమ్మ తన మనుమనికై కట్టిన ప్రేమ. ఆ ప్రేమకంటె గొప్ప ప్రేమ కలదని చెప్పదలచినవాడు, ఉన్న ప్రేమను కత్తెరతో మొదలుపెట్టడు.

డోర్నకల్లు బిషప్పు అజరయ్యగారి నిచ్చట తలచుకొనుట న్యాయము. ఆయన తమిళుడు. తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత ధనముతో 1903లో స్థాపించిన మిషనుపక్షమున డోర్నకల్లు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29వ తేదీని ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొంది, 1945 జనవరి 1వ తేదీని మరణించువరకు ఈ జనుల నడుమనే యుండెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును, చదువు రాని కూలివాడైనను, సువార్త చెప్పవలసినవాడేయని ఆయన బోధ; పౌలు కొరింథీయులకు వ్రాసిన ఆ బాధ్యతా వాక్యమును తలమీద చేయి పెట్టుకొని అందరిచేతను చెప్పించెడివాడు. మౌనమే మేలనువారికి ఆయన పేరు చెప్పి వాదించుట సులభము. కాని ఆయన కాలములో పైకులములవారు కొందరు సంఘములోనికి వచ్చినప్పుడు, తమ్ము కదలించినది ప్రసంగము కాదనియు, తమ పొలములలో పనిచేయు మాలమాదిగ క్రైస్తవుల బ్రతుకులలోని మార్పనియు చెప్పుకొనిరి. నోటిమాటయు నడవడియు ఒకే యింటి రెండు తలుపులు. 1910లో ఎడింబరో మహాసభలో ఆయన తెల్ల మిషనరీలను నిలదీసి అడిగినదియు ధనము కాదు, త్యాగము కాదు, స్నేహము. మన వసతిగృహములో పైమంచమువాడు క్రిందిమంచమువానికి ఉపదేశకుడు కాకమునుపు స్నేహితుడయ్యెనా యని మేమడుగుచున్నాము. ఆ రాత్రి నీళ్లిచ్చినప్పుడు అయ్యెను. కత్తెర తీసినప్పుడు కాకపోయెను.

తల్లిదండ్రులకు ఒక మాట చెప్పవలసియున్నది. వీరిలో సగముకంటె ఎక్కువమంది క్రైస్తవులు కారు. మిషను పాఠశాలలకు ఈ భయము పాతదే. నోబిల్ దొరగారు మచిలీపట్టణములో 1843లో పెట్టిన పాఠశాలలో 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా, పాఠశాల యంతయు ఖాళీ యయ్యెను. మన చరిత్ర పుస్తకములు ఆ యిద్దరి ధైర్యమును కొనియాడును, ఆ తల్లుల యేడుపును ఒక్క వాక్యములో దాటిపోవును. ఇట్టి భయముతోనే మీరు మా గడప త్రొక్కుచున్నారని మాకు తెలియును. దేశముయొక్క కట్టడ ఏమనగా: 1950 జనవరి 26 నుండి అమలులోనున్న రాజ్యాంగపు 25వ అధికరణము ప్రతివానికిని తన మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు స్వేచ్ఛ యిచ్చినది, 28వ అధికరణము సర్కారు గుర్తింపుగాని సహాయముగాని పొందు పాఠశాలలో ఏ విద్యార్థినైనను వాని సమ్మతి లేక, మైనరైనచో సంరక్షకుని సమ్మతి లేక, మతబోధకుగాని ప్రార్థనకుగాని రప్పింపరాదన్నది. ప్రచార స్వేచ్ఛయనగా మరియొకని మతము మార్చు హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పినది. ఈ తీర్పు క్రైస్తవులలో అనేకులకు రుచింపలేదు. మాకు మాత్రము అందులో ఒక వేదసత్యము కనబడుచున్నది. మనస్సు త్రిప్పుట మనుష్యుని హక్కు ఎన్నడైన నయ్యెనా?

ఆ ‘ప్రచారము’ అను మాటను రాజ్యాంగములో నుంచవలెనా తీసివేయవలెనా యని 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో వాదము జరిగినప్పుడు, ఉంచవలెనని మాటలాడిన వారిలో టి. టి. కృష్ణమాచారిగారొకరు. ఆయన హిందువు. తాను దాదాపు 14 సంవత్సరములు క్రైస్తవ విద్యాసంస్థలలో చదివితిననియు, తన్ను మతము మార్చుటకు ఎవరును యత్నింపలేదనియు ఆయన సభలో చెప్పెను. ఆయన గురువులు తమ విశ్వాసమును దాచిరని మేము తలంపము. బలవంతము చేయకుండిరి. ఆ స్వేచ్ఛను మనకు నిలిపిన సాక్ష్యములలో వారి మర్యాదయు ఒకటి. మన కోయ బాలుడు పెద్దవాడై ఎచ్చటనైన లేచి మాటలాడవలసివచ్చిన మన గూర్చి ఏమి చెప్పును?

కనుక మేము ప్రధానోపాధ్యాయులకు విన్నవించినది ఇది. వసతిగృహములో ఎవనికైనను తన విశ్వాసమును గూర్చి తోటివానితో, వాడు అడిగినప్పుడో వినగోరినప్పుడో, మాటలాడుటకు అడ్డు చెప్పరాదు. కోయ బాలుడును తన వేల్పులను గూర్చి చెప్పునప్పుడు అట్లే వినవలెను. రోగియై పండుకొనియున్నవానితో ఆ ప్రసంగమే తేరాదు. వానికొరకు తన మంచమునొద్ద మోకరించి ప్రార్థించుటను ఎవరు కాదందురు? ఉపాధ్యాయులు మార్కుల పట్టీ చేతనున్న గదిలో మతము మాటలాడరాదు. చిన్నతరగతుల పిల్లలతో వారి యింటివారికి తెలియకుండ ఏమియు చెప్పరాదు. కరపత్రముల లెక్క ఈ సంవత్సరము ఈ పత్రికలో లేదని చదువరులు గమనించియే యుందురు. ఈ విన్నపములో కొంత ఒప్పుకొనబడినది, కొంత ఇంకను విచారణలో నున్నది.

తాడు కోసిన బాలుడు, ఎవరును చెప్పకయే, దసరా సెలవులలో ఆ గూడెమునకు పోవలెనని మమ్మడిగెను. మాలో ఒకరము వెంట పోయితిమి. బస్సు దిగి అడవిదారిని చాలదూరము నడువవలసి వచ్చెను. తండ్రి ఇంట లేడు, పొలము కావలికి పోయెను. ముసలమ్మ వాకిట కూర్చుండియుండెను. ఆ తాడు కోసినవాడను నేనే, తప్పయినది అని అతడు చెప్పెను. ఆమెకు తెలుగు కొంచెమే వచ్చును. మనుమడు కోయలో చెప్పగా విని, చాలసేపు ఏమియు అనలేదు. పిమ్మట లేచి లోపలికి పోయి జొన్న గటక తెచ్చి ముగ్గురకును పెట్టెను. దేవుని మాట ఆ దినమున ఎవరును ఎత్తలేదు. వచ్చునప్పుడు మనుమడు దారి చూపుటకు వాగువరకు వచ్చెను. ఈ సంవత్సరపు లెక్కల పాఠములు ఎంతవరకు అయినవని మాత్రము అడిగెను.

వాని పేరు హాజరు పట్టీలో కొట్టివేయబడలేదు.